అద్దము మీది పొర

చదువవలసిన వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 9:10–28



ఈ నెల మొదట నా తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకొని, పిమ్మట వాక్యములోనికి పోవుదును.

మూడేండ్ల క్రిందట, గ్రామ సంఘములను దర్శించుటకును, రోగులను నంద్యాల ఆసుపత్రికి చేర్చుటకును ఒక పాత కారు కొంటిని. దాని అద్దములకు మునుపటి యజమాని నల్లని పొర అంటించి యుండెను. ఎండకు అది ఊదారంగు తిరిగి, అక్కడక్కడ బుడగలు లేచెను. తీయించుమని నా భార్య పలుమార్లు చెప్పెను. 2012 ఏప్రిల్ 27న సుప్రీం కోర్టు ఇట్టి నల్ల పొరలు కూడదని తీర్పు చెప్పిన సంగతి నాకు తెలియనిది కాదు. ముందు వెనుక అద్దములగుండా నూటికి 70 వంతులు, ప్రక్క అద్దములగుండా 50 వంతులు వెలుగు సాగవలెనని 1989 నాటి వాహన నిబంధనలలోనే యున్నది. అయినను నంద్యాల ఎండను సాకుగా చెప్పుకొంటిని.

అసలు కారణము వేరు. ఆ పొర వెనుక కూర్చుంటే నన్నెవరును చూడరు. ఆళ్లగడ్డ దారిలో చెయ్యెత్తినవారికి, దాటిపోయినది ఎవరో తెలియదు. పల్లె సంఘములోని ఒక విధవరాలు కూరగాయల గంపతో రోడ్డు ప్రక్క నిలిచి చెయ్యెత్తగా, నేను రెండుమార్లు చూచి, చూడనట్టే పోతిని. ఆమె నాకు కనబడెను. నేను ఆమెకు కనబడలేదు. ఆ సౌఖ్యము నాకు ఇష్టమాయెను.

గత డిసెంబరులో ఆళ్లగడ్డలో కూటము ముగించుకొని రాత్రివేళ నంద్యాలకు వచ్చుచుంటిని. శిరివెళ్ల దాటిన పిమ్మట ఎదుటి లారీ దీపములు కన్నులలో పడెను. దానికి దారి ఇచ్చుటకు ఎడమకు ఒరిగితిని. ఆ ప్రక్క అద్దములో చీకటి తప్ప ఏమియు లేదు. ధబ్బున ఒక కర్ర అద్దమునకు తగిలెను. ఆపి దిగితిని. గొర్రెల కాపరి! మందను రోడ్డు అంచున తోలుకొని పోవుచు, కారు మీదికి వచ్చుట చూచి కొట్టినాడు. ఇంకొక మూర ఒరిగియుంటే ఏమగునో చెప్పనక్కరలేదు. "కండ్లు కనపడ్డం లేదా నీకు?" అని అడిగెను. సంఘకాపరినైన నాకు బదులు దొరకలేదు.

మరునాడే నంద్యాలలో కార్ల సామానులు అమ్మే ఒక అంగడికి పోతిని. తొందరకొద్దీ నేనే ఒక మూల గోటితో పట్టి లాగితిని. పైపొర చినిగి చేతికి వచ్చెను. జిగురుతోకూడ అడుగుపొర అద్దమునకే నిలిచెను. అక్కడి కుర్రవాడు నవ్వి, "అట్ల పీకితే రాదు అయ్యగారూ. పాతది మొండికేసి ఉంటాది. ముందు వేడి తగలాల, మెత్తపడాల, అప్పుడు నిదానంగా లాగాల" అనెను. వేడిగాలి పట్టించుచు, మూలనుండి కొంచెము కొంచెముగా లాగుచు వచ్చెను. వెనుక అద్దమునకు బ్లేడు తాకనియ్యలేదు. చెమ్మ ఆరుటకు పెట్టిన సన్నని తీగలు అందులో ఉన్నవట, గీకితే తెగునట. పొర పోయినను జిగురు మిగిలెను. సబ్బునీళ్లు చల్లి, నానబెట్టి, ప్లాస్టిక్ రేకుతో తీసెను. పొరకంటె జిగురుకే ఎక్కువ సేపు పట్టెను.

అక్కడ బల్లమీద కూర్చుండి నేను సౌలును తలంచుకొంటిని. దమస్కులో అతని కన్నులనుండి రాలినవాటికి లూకా వాడిన గ్రీకు మాట చేప పొలుసుకును చెల్లును. అవి ఎప్పుడు రాలినవి? దారిలో వెలుగు మెరసినప్పుడు కాదు; మూడు దినములు గడిచి, అననీయ వచ్చి చేతులుంచి, సహోదరుడా అని పిలిచిన పిమ్మట. ఆ చేతులు వణకియుండునేమో! తనవంటివారిని బంధించుటకు వచ్చినవాడు గదా. తిట్టుటకు అననీయకు కావలసినంత కారణము కలదు. అయినను వెచ్చని చెయ్యి పెట్టెను. మనమో, త్రాగి గుడికి వచ్చినవానిని అందరి యెదుట నిలువబెట్టి బ్లేడుతో గీకుదుము. గీతలు పడును, పొర పోదు. (గొర్రెల కాపరి కర్ర నాకు మేలే చేసెను, అతడు ప్రాణభయముతో కొట్టెను, అది వేరు.)

జిగురు సంగతియు అక్కడనే యున్నది. సౌలు యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు నమ్మక భయపడిరి. పాత పేరు ఇంకను అంటియుండెను. బర్నబా పూనుకొని అతనిని అపొస్తలులయొద్దకు తీసికొని పోవలసి వచ్చెను. మారినవాడు మరుసటి ఆదివారమునకే మచ్చలేక కనబడవలెనని మన పెద్దలు కోరుట న్యాయము కాదు. బర్నబావలె నానబెట్టువారు ప్రతి సంఘములో ఇద్దరు ముగ్గురైనను ఉండవలెను.

ఆ వారమే ఆళ్లగడ్డ దారిలో ఆ విధవరాలు గంపతో నిలిచియుండెను. చెయ్యెత్తలేదు. నేను ఆపితిని. తేట అద్దములోనుండి నన్ను చూచి, "అయ్యగారూ, ఈ కారు మీదేనా? ఎవురిదో, నిలపకుండా పోయే కారనుకుంటి" అనెను. గంప వెనుక సీటులో పెట్టితిని. నంద్యాల చేరువరకు ఆమె మనుమని జ్వరము సంగతి చెప్పుచు వచ్చెను. ఆ రెండుమార్ల సంగతి నేను ఇంకను ఆమెతో చెప్పలేదు. ఈ పత్రిక ఆదివారము ఆమె యూరి గుడిలోను చదువుదురు. శనివారమే నేను అక్కడికి పోవుచున్నాను.