పదో మనిషి

యూదుల ఇళ్లలో తండ్రి పోతే కొడుకు పదకొండు నెలలపాటు రోజూ కద్దిష్ చదువుతాడు. అరమాయిక్ భాషలోని ఆ ప్రార్థనలో చావు ఊసే లేదు, ఉన్నదంతా దైవస్తుతి. అది ఒంటరిగా చదివేది కాదు. పదమూడేళ్లు నిండిన మగవాళ్లు పదిమంది కూడాలన్నది పాత సంప్రదాయం. తొమ్మిదిమందే వస్తే, దుఃఖంలో ఉన్నవాడు ఆ పూట చదవకుండానే వెనుదిరగాలి. అందుకే దేవుడు లేడని తేల్చుకున్న యూదులు కూడా వెళ్లి ఆ పదో చోట నిలబడతారు. నీకు నమ్మకం ఉందా అని అక్కడ ఎవరూ అడగరు.

ఇది ఆత్మవంచన కాదా? నాస్తికవాది గోరాగారైతే సూటిగా అడిగి ఉండేవారు. ఆయన తన కూతురి పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు వద్దంటే గాంధీజీ ఒప్పుకున్నారు. గాంధీజీ పోయాక, 1948లో, ఆ పెళ్లి సేవాగ్రాంలో సత్యం పేరిట జరిగింది. మనసుకీ మాటకీ ఎడం ఉండరాదన్న ఆ నిష్ఠకు నేను మొక్కుతాను. అయితే ప్రార్థనలన్నీ ప్రమాణాలు కావు. కద్దిష్‌కు లేచినవాడు లోకానికి కర్త ఉన్నాడని సాక్ష్యం చెప్పడంలేదు, తాను ఫలానావారి బిడ్డనని ఒప్పుకుంటున్నాడు.

మన కోనసీమలోనూ ఇంతే. ఓడలరేవులో వైనతేయ గోదావరి కడలిలో కలిసేచోట తర్పణం వదిలేవాళ్లను దగ్గరగా చూడండి. దక్షిణముఖంగా, జంధ్యం కుడిభుజం మీదికి మార్చి, గోత్రం చెప్పి, తండ్రి, తాత, ముత్తాతల పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనుంచి నువ్వులనీళ్లు జారవిడుస్తారు. ముత్తాత పేరు దగ్గర నాలుక తడబడి, వెనక నిలబడ్డ బాబాయి వైపు తిరిగి అడిగేవాళ్లుంటారు. వాళ్లలో ఇంట్లో దేవుడి గది గడప తొక్కనివాళ్లూ ఉంటారు. పితృఋణం ఉందన్న సంగతిలో మాత్రం వాళ్లకు సందేహం లేదు.

వేదం చదువుకున్న కోనసీమకు ఇది వింత కాదు. దేవతకు శరీరం లేదని మీమాంసా భాష్యకారుడు శబరస్వామి వాదించాడు. సృష్టికర్త ఉన్నాడన్న మాటను కుమారిలభట్టు శ్లోకవార్తికంలో ఖండించాడు. అలాగని సంధ్య వార్చడం మానుకోమని వాళ్లెవరూ చెప్పలేదు. నిత్యకర్మ ఎందుకంటే, అది విధి కనుక. వినేవాడు ఉన్నాడా లేడా అన్నది తేలకపోయినా చేసేవాడి బాధ్యత ఎక్కడికీ పోదు. అంతరార్థం వెతికేవాళ్లు ఈ చోట కాస్త ఆగాలని నా మనవి. మనం భక్తిని నమ్మకంతో మాత్రమే కొలవడానికి అలవాటుపడ్డాం.

ఔష్‌విట్జ్‌లో నాజీల నిర్బంధ శిబిరంలో తన కళ్లముందే జరిగిందని రచయిత ఎలీ వీజెల్ చెప్పిన ఉదంతం ఒకటుంది. ఖైదీలుగా ఉన్న పండితులు దేవుడి మీద విచారణ నడిపి, ఆయన తమకు బాకీపడ్డాడని తేల్చారు. ఆ వెంటనే ప్రార్థనకు లేచారు. బాకీ అటువైపుదని తేలాక కూడా తమవైపు చెల్లించవలసింది వాళ్లు ఆపలేదు.

ఇంత చెప్పాక మన తెలుగు యూదులను తలచుకోకుండా ఉండలేను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి. మాదిగవాడకు చెందినవాళ్లు, బాప్టిస్టు క్రైస్తవం మీదుగా యూదు ఆచారానికి వచ్చారు. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిం సంతతి అని వాళ్ల విశ్వాసం. శుక్రవారం పొద్దుగూకేసరికి సబ్బాతు పాటిస్తారు. ఇజ్రాయెల్ గుర్తింపు మాత్రం వాళ్లకు దక్కలేదు.

యూదు తల్లికి పుట్టినవాడు దేవుణ్ణి కాదన్నా యూదుడే అంటుంది వారి ధర్మశాస్త్రం. న్యూయార్కులో యూదు నాస్తికుడికి ఆ అభయం పుట్టుకతోనే వచ్చింది. కొత్తరెడ్డిపాలెం కుర్రాడికి అది లేదు. వాడు వెలిగించే ప్రతి దీపం ఇతరుల కంటికి ఒక రుజువు కావాలి. సందేహం కలిగినా పైకి చెప్పుకునే వీలులేదు, చెబితే మొత్తం కుటుంబం మాటే అబద్ధమంటారు. నమ్మకం సడలిన ఒక కుర్రాడు ఆ ఊళ్లో ఉండి, అయినా పక్కింటివాడి తండ్రి కోసం పదోవాడిగా వెళ్లి నిలబడితే, అతను యూదుడు కాడనడానికి ఎవరికి అధికారం ఉందో నాకు తెలియడంలేదు.