లెక్క చెప్పుటయు అహింసయే

గాంధీ జయంతి వచ్చినప్పుడెల్ల అహింసను గూర్చి ఉపన్యాసములు వినుచున్నాము. లాఠీ దెబ్బలకు వెనుదీయని వీరులను మహాత్ముడు తయారుచేసెనని వక్తలు చెప్పుదురు. అది నిజమే. కాని 38 సంవత్సరములు గుమాస్తాగా లెక్కలు వ్రాసిన నాకు ఆయన జీవితములో వేరొక విషయము మనసునకు హత్తుకొన్నది. అది ఆయన లెక్కల పద్ధతి.

1894లో దక్షిణాఫ్రికాలోని నేటాలులో భారతీయుల కాంగ్రెసును స్థాపించునాటికి గాంధీజీకి ఇరువదియైదేండ్లు నిండలేదు. చందా యిచ్చిన ప్రతివానికిని రసీదు ముట్టవలెనని ఆయన పట్టుబట్టెను. ప్రతి పైసకును లెక్క వ్రాయించెను. ఆనాటి పుస్తకములు ఇప్పటికిని చెక్కుచెదరక దొరకునని అనేక సంవత్సరముల తరువాత ఆత్మకథలో ధైర్యముగా వ్రాసికొనెను. సరియైన లెక్క లేనిచోట సత్యము నిలువదని ఆయన విశ్వాసము.

1901లో స్వదేశమునకు బయలుదేరునపుడు అచ్చటి భారతీయులు ఆయనకు బంగారు, వెండి, వజ్రపు కానుకలు సమర్పించిరి. వానిలో కస్తూరిబాకు ఇచ్చిన యేబది గినీల హారము గలదు. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. ప్రజాసేవకు ప్రతిఫలము తీసికొనరాదని నిశ్చయించి, పార్సీ రుస్తుంజీ మొదలగువారిని ధర్మకర్తలుగా నియమించుచు పత్రము వ్రాసెను. కస్తూరిబా అంగీకరింపలేదు. మీ సేవలో నా చాకిరి లేదా యని ఆమె యడిగినది. ఆ మాట తనకు సూటిగా తగిలినదని గాంధీజీయే యొప్పుకొనెను. ఆమె వాదములో న్యాయము కలదని నాకును తోచును. అయినను లెక్క నాయకుని యింటనుండియే మొదలు కావలెనన్న నియమమును ఆయన సడలింపలేదు.

దీనికిని అహింసకును సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. సమాధానము నా యనుభవములో నున్నది. ఉద్యోగములో చేరిన మూడవ యేట, చెరువుగట్టు పనికి సంబంధించిన కూలీల మస్టరు నా బల్లమీదికి వచ్చెను. అందలి వేలిముద్రలన్నియు ఒకే వేలివిగా కనబడినవి. పై యధికారి సంతకము ఉన్నది గదా, నాకేల యని బిల్లు వ్రాసితిని. నేనొక పైసయైనను ముట్టలేదు. నెల దాటిన పిమ్మట ఒక వృద్ధురాలు కచేరీ మెట్లపై కూర్చుండి, "బాబూ, నా ఎనిమిది రోజుల కూలి ఎప్పుడిస్తారు?" అని నన్నడిగినది. పుస్తకములో ఆమె పేరెదుట కూలి ముట్టినట్లు వేలిముద్ర కలదు. రేపు రమ్మంటిని. ఆమె మరల రాలేదు. నేనామెను కొట్టలేదు, తిట్టలేదు. కాని ఆమె ఎనిమిది దినముల అన్నము నా కలము మీదుగా పోయినది. ఇంతవరకు ఈ సంగతి నేను ఇంటిలో గూడ చెప్పలేదు.

అభివృద్ధి చెందుచున్న దేశములో ప్రభుత్వధనము పేదవాని చేతికి చేరులోపల ఎన్నో కలముల క్రిందుగా పోవలెను. ప్రతి కలమును కత్తి కాగలదు. 1994లో రాజస్థానమున పాలీ జిల్లాలోని కోట్ కిరానాలో, చేసిన పనుల లెక్కలను గ్రామస్థుల యెదుట బిగ్గరగా చదివిరి. చదివినంతనే మోసములు బయటపడినవి. అట్టి సభలనుండి పెరిగిన ఉద్యమము 2005 నాటి సమాచార హక్కు చట్టమునకు దోహదమయ్యెను. ఉపాధి హామీ పనులపై 2006 నుండి ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీలు జరిపిరి. తన పేరెదుట ఏమి వ్రాసిరో కూలివాడే విని, అవుననియో కాదనియో చెప్పగలిగెను. ఎవరిపైనను చేయి యెత్తకుండ సత్యమును నలుగురిలో నిలుపుటకు ఇంతకంటె సులభమైన సత్యాగ్రహము నాకు కనబడదు.

పెద్ద ప్రభుత్వములకే గాక, బరంపురము వంటి ఊళ్లలో తరతరములుగా స్థిరపడి, భాషను కాపాడుకొనుటకై చందాలు పోగుచేసికొను మన సంఘములకును ఈ ధర్మము వర్తించును. వార్షిక సభలో పాటలు ముగిసి ఆదాయవ్యయములు చదువుట మొదలు కాగానే మనలో చాలమంది లేచి పోవుదురు. ఈ యేడు కూర్చుండి వినవలెనని నా ప్రార్థన. వినువారున్నచో వ్రాయువాని కలము జాగ్రత్తపడును. ఆనాడు ఆ మస్టరును ఊరిలో చదువవలెనన్న నియమమే యున్నచో నా కలము ఆగియుండెడిది.