కనిపెట్టుకుని ఉండటం

బడిలో అడిగేవాళ్ళు. రేడియంని ఎవరు కనిపెట్టారు? క్యూరీ దంపతులు, 1898. పెన్సిలిన్‌ని? ఫ్లెమింగ్, 1928. అన్నీ ఒక మార్కు ప్రశ్నలు. అలా చదివీ చదివీ కనిపెట్టడమంటే ల్యాబులో జరిగే పని అనీ, దానికో పేరూ ఒక సంవత్సరమూ ఉంటాయనీ మనసులో స్థిరపడిపోయింది. కానీ అదే మాట ఇంట్లో ఇంకోలా వినేవాళ్ళం. “చంటాడు లేస్తాడేమో, కాస్త కనిపెట్టుకుని ఉండు.” “పాపం, ఆ ముసలాయన్ని కనిపెట్టుకుని ఉండే దిక్కు లేదు.” కనుక్కోవడం కూడా అంతే. దారి కనుక్కుంటాం, గుట్టు కనుక్కుంటాం, ఒంట్లో ఎలా ఉందో కూడా కనుక్కుంటాం. కొత్త సంగతి తెలుసుకోవడానికీ, మనిషిని చూసుకోవడానికీ ఒకే మాట ఎలా సరిపోయిందా అని పోయిన వారమంతా ఆలోచిస్తూ ఉన్నాను. ఆ వారంలో విశేషమేమీ లేదు. ఆఫీసు, ఇల్లు, మధ్యలో హైదరాబాద్ ట్రాఫిక్. అయినా నాలుగు చిన్న సంగతులు తెలిశాయి.

మొదటిదాని వల్ల ఎవరికీ లాభం లేదు. మా ఆఫీసు బయట ఒక రావిచెట్టు ఉంది. సోమవారం టీ తాగుతూ చూస్తే, పక్కనున్న వేపచెట్టు కదలకుండా నిలబడి ఉంది, రావాకులు మాత్రం గలగలలాడుతున్నాయి. రాలిన ఆకొకటి తీసి చూశాను. తొడిమ సన్నగా, వేలంత పొడవు. అంత సన్నటి తొడిమకి అంత వెడల్పాటి ఆకు వేలాడుతుంటే, వేపరెమ్మ పట్టించుకోని గాలికి కూడా అది ఊగుతుంది. పల్లెలో పెరిగినవాళ్ళకి ఇది వార్తే కాదు. నాకు మాత్రం ఆ పూటంతా హాయిగా ఉంది.

లోకానికి ఎప్పుడో తెలిసినదాన్ని నేనిప్పుడు తెలుసుకుంటే అది కనిపెట్టడం అవుతుందా? అవుతుందనే అనుకుంటున్నాను. నా బదులు ఇంకొకరు అన్నం తినలేనట్టే, నా బదులు ఇంకొకరు చూడలేరు. అసలు చిక్కు అది కాదు. ఆకు నన్నేమీ అడగదు. చూసి, సంతోషపడి, వెళ్ళిపోవచ్చు. మన కంట పడింది మనిషైతే?

మా ఫ్లాట్లో పనిచేసే ఆవిడ బస్సులో వస్తుంది. మా గేటు దగ్గర ఒక యాప్ ఉంది. ఆవిడ లోపలికి రాగానే అందరి ఫోన్లూ మోగుతాయి: వచ్చిన టైము ఇంత, వెళ్ళిన టైము ఇంత. మంగళవారం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ లెక్కంతా స్క్రీన్‌షాట్ తీసి పెట్టారు. రోజూ పది పదిహేను నిమిషాలు లేటట. బుధవారం సాయంత్రం బస్టాపులో ఆవిడ కనిపించింది. డీలక్స్ బస్సు వచ్చి ఆగింది, సగం ఖాళీగా ఉంది. ఆవిడ ఎక్కలేదు. ఇంకొకటి వచ్చింది, అదీ డీలక్సే. దాన్నీ వదిలేసింది. మూడోది ఆర్డినరీ, కిక్కిరిసి ఉంది. దాన్లోకి ఎక్కింది. తెలంగాణలో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం 2023 డిసెంబరులో మొదలైంది. సిటీలో అది ఆర్డినరీలో, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లో చెల్లుతుంది, డీలక్స్‌లో చెల్లదు. పొద్దున వచ్చేటప్పుడూ ఇదే లెక్క. ఆ పదిహేను నిమిషాల్లో ఆవిడ వదిలేసిన బస్సులున్నాయి.

యాప్ కూడా ఆవిడని చూస్తూనే ఉంది. నాకంటే శ్రద్ధగా, ఒక్కరోజు మానకుండా చూస్తోంది. మరి దాని చూపుకీ, “కనిపెట్టుకుని ఉండు” అన్నప్పటి చూపుకీ తేడా ఏమిటి? రాసిపెట్టడం, చేసిపెట్టడం, వండిపెట్టడం అంటాం కదా, అక్కడ ‘పెట్టు’ వచ్చిందంటే ఆ పని ఎదుటి మనిషి కోసమని అర్థం. వ్యాకరణం ఏం చెప్పినా, కనిపెట్టడంలోని ‘పెట్టు’ కూడా నా చెవికి అలాగే వినిపిస్తుంది. యాప్ చూసేది మా కోసం, ఆవిడ కోసం కాదు.

మర్నాడు పొద్దున “అరగంట లేటైనా పర్లేదక్కా” అన్నాను. ఆవిడ నవ్వింది. “మీకు పర్లేదు సార్, మీ తర్వాత ఇంక మూడిండ్లున్నయి గదా. మీది ఆఖరుకు పెట్టుకుంటా, గప్పుడు ఎవరికీ తిప్పలుండది.” నాకు తెలిసింది సగమే. మిగతా సగం, దాని పరిష్కారంతో సహా, ఆవిడ దగ్గర ముందే ఉంది. అడిగినవాళ్ళు లేరంతే. కనుక్కోవడమంటే అడగడం కూడా అని మాటలోనే ఉంది.

ఇది చదువుతున్న మీలో చాలామంది రాసేవాళ్ళో, రాయాలనుకునేవాళ్ళో అయి ఉంటారు. మన ఫోన్లలో ఒక నోట్స్ ఉంటుంది. బస్సులో విన్న మాట, పక్క బాల్కనీలో ఆరేసిన యూనిఫాం, ఎవరో ఏడుస్తూ ఫోన్ మాట్లాడటం. బాగా గమనిస్తామని మనకి కొంచెం గర్వం కూడా. జార్జ్ పెరెక్ అనే ఫ్రెంచి రచయిత 1974 అక్టోబరులో మూడు రోజులపాటు పారిస్‌లోని సాన్ సుల్పీస్ కూడలిలో కూర్చుని, ఏ విశేషమూ జరగనప్పుడు ఏం జరుగుతుందో రాస్తూ పోయాడు. ఏ నంబరు బస్సు వెళ్ళింది, పావురాలు ఎటు లేచాయి, ఎవరి చేతిలో ఏ సంచి ఉంది. ఆ పుస్తకమంటే నాకు ఇష్టం. రోజూ మన కళ్ళ ముందుండి కనపడకుండా పోయేదాన్ని అది పట్టుకుంటుంది. కానీ బస్సు ఎక్కకుండా ఆగిపోయిన మనిషి ఎందుకు ఆగిందో కెఫే కిటికీలోంచి తెలియదు. దానికి లేచి వెళ్ళాలి. ఆవిడ సంగతి ఇక్కడ రాస్తున్నప్పుడు కూడా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు: ఈ పేరాగ్రాఫు ఎవరి కోసం?

ఐరిస్ మర్డాక్ దీనికి వేరే వైపు నుంచి వస్తుంది. ‘ది సావరిన్టీ ఆఫ్ గుడ్’ (1970)లో ఆమె చెప్పిన ఉదాహరణ తెలుగువాళ్ళ కోసమే రాసినట్టుంటుంది, అత్తాకోడళ్ళ కథ కాబట్టి. ఒక అత్తగారికి కోడలు మోటుగా, గోలగా, చిన్నపిల్ల తరహాలో కనిపిస్తుంది. పైకి మాత్రం ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది. కొన్నాళ్ళకి తనే మళ్ళీ ఆలోచిస్తుంది, నిజాయితీగా చూడాలని ప్రయత్నిస్తుంది. మోటుదనం అనుకున్నది నిష్కల్మషంగా, గోల అనుకున్నది ఉల్లాసంగా కనిపించడం మొదలవుతుంది. బయటి ప్రవర్తనలో ఏ మార్పూ లేదు. కోడలు దూరదేశం వెళ్ళిపోయిందనో, చనిపోయిందనో కూడా అనుకోమంటుంది మర్డాక్. అయినా అత్తగారు ఒక నైతికమైన పని చేసిందని, సరిగ్గా చూడటమే ఆ పని అని ఆమె వాదన.

ఒప్పుకుంటాను. మనిషిని మనసులో సరిగ్గా చూడటం తక్కువ పనేం కాదు. కానీ మర్డాక్ తన వాదన నిలబడటానికి కోడల్ని దూరంగా పంపించాల్సి వచ్చింది. మన కోడళ్ళూ, పనివాళ్ళూ, అమ్మానాన్నలూ దూరంగా లేరు. ఉన్నా, ఫోన్ చేస్తే పలుకుతారు. అంత దగ్గర్లో ఉన్నవాళ్ళ విషయంలో చూపు చూపుగానే ఆగిపోవడానికి నాకైతే కారణం కనపడదు.

అలాగని కంట పడిన ప్రతి మనిషినీ మోయగలమా? కోటి మంది ఉన్న ఊళ్ళో అది కుదరదు. దీనికి జవాబు నాకు పుస్తకాల్లో కాకుండా టిఫిన్ బండి దగ్గర దొరికింది. జ్వరం వచ్చి గురు, శుక్రవారాలు ఇంట్లోనే ఉన్నాను. శనివారం వెళ్తే, ఇడ్లీలు ప్లేటులో వేస్తూనే బండాయన అడిగాడు. “ఏమన్నా, రెండ్రోజుల సంది కనిపిస్తలేవు? పానం మంచిగుందా?” నా పేరు ఆయనకి తెలియదు. ఆయన నా కోసం వెతకలేదు, ఇల్లు వెతుక్కుంటూ రాలేదు. కానీ ఆయన పొద్దుటి లెక్కలో నేనున్నాను. అడిగి, చట్నీ వేసి, నా వెనకాయన వైపు తిరిగాడు. ఎంత తేలికైన పని! ఆ తేలికపాటి పని నన్ను ఆ రోజంతా నిలబెట్టింది.

నాలుగోది అమ్మ గురించి. అమ్మ రోజుకి ఒకసారే ఫోన్ చేస్తుంది, రాత్రి భోజనాల వేళకి. నాకు జ్వరమని చెప్పనే లేదు, అయినా శుక్రవారం మూడుసార్లు చేసింది. మూడుసార్లూ “ఏం లేదు నాన్నా, ఊరికే చేశా” అంది. ఆదివారం కాల్ లిస్టు చూస్తుంటే ఆ మూడు ‘ఊరికే’లూ వరసగా కనిపించాయి. ఇదివరకైతే ఇది నోట్స్‌లోకి ఎక్కే సంగతే, మంచి వాక్యం కూడా అయ్యేది. రాసుకోలేదు. ఫోన్ చేసి, “ఊరికే కాదు, చెప్పు” అన్నాను. కాసేపు వానల గురించీ, పక్కింటి పెళ్ళి గురించీ మాట్లాడి అప్పుడు చెప్పింది. నాన్నకి శుక్లాల ఆపరేషన్ డేటు ఇచ్చారట. చిన్న ఆపరేషనే, అందరికీ జరిగేదే. “భయమేం లేదు, ఊరికే” అంది మళ్ళీ.

ఆపరేషన్ వచ్చే గురువారం. సెలవు పెట్టి, రైలు టికెట్ తీసుకున్నాను. కొన్నాళ్ళు పూటపూటకీ కంట్లో చుక్కలు వెయ్యాలి, నిద్రలో చెయ్యి కంటి మీదకి వెళ్ళకుండా చూడాలి. నాన్న నిద్రలో బాగా కదులుతాడని అమ్మ చెప్పింది. ఆ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.