కొర్రలు తింటే పుణ్యమా?

కోసల రాజు ప్రసేనజిత్తు భోజనప్రియుడు. ఒకరోజు కుంచెడన్నం లాగించి, ఆయాసంతో ఒగరుస్తూ వచ్చి బుద్ధుడి ముందు కూర్చున్నాడు. పాలి భాషలోని సంయుత్త నికాయంలో ఈ కథ ఉంది. బుద్ధుడు ఆయనకు మందూ ఇవ్వలేదు, మూలికా చెప్పలేదు. ఎరుకతో, మితం తెలిసి తినేవాడికి బాధ తగ్గుతుందనీ, వార్ధక్యం మెల్లగా వస్తుందనీ అర్థం వచ్చే చిన్న గాథ ఒకటి వినిపించాడు. రాజు వెనకాల నిలబడ్డ సుదర్శనుడనే కుర్రవాడికి అప్పుడే ఒక ఉద్యోగం దొరికింది. ఆ గాథ కంఠస్థం చేసి, రాజు భోంచేసేటప్పుడల్లా వినిపించాలి. జీతం రోజుకు వంద కార్షాపణాలు. కొన్నాళ్ళకు రాజు కుంచం నుంచి సోలకు దిగాడు. ఒళ్ళు సన్నబడింది.

ఈ కథలో అన్నం మారలేదు, తినేవాడు మారాడు.

ఇప్పుడు దుకాణాల్లో అమ్ముతున్న ఆలోచన దీనికి సరిగ్గా తలకిందులు. తినేవాడు ఎలా ఉన్నా ఫరవాలేదు, తిండి మారితే చాలంటుంది. దానికి 'ఫంక్షనల్ ఫుడ్' అని పేరు. పుట్టిల్లు జపాన్. ఆకలి తీర్చి బలమివ్వడమే కాక, ఒంట్లో ఫలానా మేలు కూడా చేస్తుందని రుజువు చూపించగలిగిన తిండికి ఆ దేశం 1991లో ప్రత్యేక ముద్ర ఇవ్వడం మొదలుపెట్టింది. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ 2016లో ఇలాంటి తిండికి నిబంధనలు రాసింది. అవసరం లేక కాదు. ఐసీఎంఆర్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, దాని గుమ్మంలో నిలబడ్డవాళ్ళు మరో 13.6 కోట్లు.

మరి గుణం ఎక్కడుంది, తిండిలోనా, తినడంలోనా?

తిండిలో లేదంటే అబద్ధమే అవుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మెంతుల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్ బృందం 1990లో ప్రచురించిన ప్రయోగంలో, ఇన్సులిన్ మీద ఆధారపడ్డ రోగులకు నూనె తీసేసిన మెంతిపిండిని రెండు పూటల భోజనంలో కలిపి పది రోజులు పెట్టారు. పరగడుపు చక్కెర తగ్గింది, మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. మెంతుల్లోని పీచు నీటిలో నాని జిగురుగా మారి, పేగుల్లో చక్కెర పీల్చుకునే వేగాన్ని తగ్గిస్తుంది. ఓట్స్‌లో, బార్లీలో ఉండే బీటా గ్లూకాన్ పని కూడా అలాంటిదే. రోజుకు 3 గ్రాములు అందితే కొలెస్టరాల్ తగ్గుతుంది. ఆయుర్వేద ఆచార్యుడు చరకుడు ప్రమేహ రోగులకు, అంటే మధుమేహం లాంటి జబ్బులున్నవాళ్ళకు, ముఖ్యాహారంగా చెప్పింది యవలనే, అంటే బార్లీనే.

అయితే లెక్క దగ్గరే చిక్కుంది. శర్మ బృందం పెట్టిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు. రాత్రి నానబెట్టి పొద్దున్నే మింగే చెంచాడు మెంతులు అందులో ఇరవయ్యో వంతు. చిరుధాన్యాలదీ ఇదే కథ. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో 65 అధ్యయనాలను కలిపి చూసి 2021లో ఒక విశ్లేషణ ప్రచురించారు. రోజూ చిరుధాన్యాలు తిన్న మధుమేహుల్లో చక్కెర 12 నుంచి 15 శాతం తగ్గిందని అది చెప్పింది. కానీ కొర్రలు అన్నంగా వండితే ఒక తీరు, మెత్తగా పిండి పట్టి మైదాతో, పంచదారతో కలిపి బిస్కెట్ చేస్తే ఇంకో తీరు. పొట్లం మీద పేరు మాత్రం కొర్రలదే. ఆ పొట్లాన్ని నమ్ముకుని డాక్టరిచ్చిన మాత్రలు మానేస్తే ముప్పు.

ఆయుర్వేదంలోనే మరో ఆచార్యుడు సుశ్రుతుడి దగ్గరికి వెళ్తే మాట ఇంకా ఘాటుగా ఉంటుంది. డబ్బులేని ప్రమేహ రోగి చెప్పులూ గొడుగూ లేకుండా, భిక్షాన్నం తింటూ, ఊరికో రాత్రి చొప్పున మునిలా వంద యోజనాలు నడవాలట. బాగా డబ్బున్నవాడు శ్యామాకం, నీవారం లాంటి సన్నజాతి, అడవిజాతి ధాన్యాలు తింటూ జింకల మధ్య బతకాలట. బావి తవ్వడం కూడా ఆ వైద్యంలో ఉంది. చిరుధాన్యం చీటీలో ఉంది కానీ ఒంటరిగా లేదు, బతుకు తీరుతో ముడిపడి ఉంది. అమెరికాలో 2002లో వెలువడ్డ పెద్ద ప్రయోగం ఇదే మాటను అంకెల్లో చెప్పింది. బరువు తగ్గించుకుని, వారానికి 150 నిమిషాలు ఒళ్ళు వంచినవాళ్ళలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతం.

ముడి విప్పేసి ధాన్యాన్ని మాత్రమే తెచ్చుకుంటే మిగిలేది మొక్కు. 'స్వామీ, నీకు కొబ్బరికాయ, నాకు ఉద్యోగం' అన్నట్టే, 'పొద్దున కొర్రల ఉప్మా, సాయంత్రం జిలేబీ'. ఒంటితో బేరం. మొక్కుబడి అన్న మాటకు తెలుగులో ఇంకో అర్థం ఎందుకొచ్చిందో ఇక్కడ తెలిసిపోతుంది.

ఈ బేరానికి రెండో ముఖం ఉంది, అది అన్నాన్ని తిట్టడం. తెల్లన్నం విషమని ఇళ్ళల్లో తేలిగ్గా అనేస్తున్నారు. తైత్తిరీయోపనిషత్తు అన్నాన్ని బ్రహ్మంగా చూసింది. అన్నాన్ని నిందించకపోవడం, విరివిగా పండించడం, ఇంటికొచ్చినవాణ్ణి కాదనకపోవడం వ్రతాలుగా చెప్పింది. ఆ దృష్టిలో తినేవాడి పొట్ట ఒక్కటే లెక్కలో లేదు, పక్కవాడి పొట్ట కూడా ఉంది. తెలుగునాట ఒకప్పుడు ఎన్నో పల్లెల్లో జొన్న సంకటి, కొర్రన్నం లేనివాళ్ళ తిండి, వరన్నం పండగనాటి ముచ్చట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఆ ఇళ్ళల్లో తెల్లన్నం రోజువారీ గౌరవమైంది. ఇప్పుడు కొర్రలు బియ్యం కన్నా ఖరీదు. రేషన్ బియ్యం తినే మనిషితో 'విషం తింటున్నావు' అనడం వైద్యమూ కాదు, ధర్మమూ కాదు. ఆ పళ్ళెంలోకి పప్పు, ఆకుకూర, గుప్పెడు జొన్నలు ఎలా చేరాలన్నది అసలు ప్రశ్న.

ప్రసేనజిత్తు కథ చివర్లో ఒక చిన్న సంగతి ఉంది. రాజు సన్నబడ్డ తన ఒంటిని చేత్తో నిమురుకుంటూ, బుద్ధుడు తనకు ఈ లోకపు మేలూ పరలోకపు మేలూ రెండూ చేశాడని ఉప్పొంగిపోయాడు. ఈ లోకపు మేలు ఆయన అరచేతికి తగులుతూనే ఉంది. రెండోది ఏమిటో సూత్రం విడమరచలేదు. పళ్ళెంలో ఉన్నది అదే పాత అన్నం, సోలెడు.