విసిరేసిన నిప్పు ఎవరిది?

2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో దాదాపు 40 బోట్లు తగలబడ్డాయి. ఒక బోటులో ఉన్నవాళ్ళు పక్క బోటులోని నైలాన్ వల మీద ఆర్పకుండా పడేసిన సిగరెట్టే కారణమని పోలీసులు తేల్చారు. ఆ వారమంతా మా గాజువాక టీకొట్ల దగ్గర ఒకటే మాట: "కావాలని చేశారా ఏంటి, పాపం!"

కావాలని చెయ్యనిది పాపమవుతుందా?

మన పెద్దలు దీన్ని తేలిగ్గా వదల్లేదు. దశరథుడు ఏనుగనుకుని బాణం వేస్తే మునికుమారుడు చనిపోయాడు. రాజు మనసులో హత్య లేదు, అయినా పుత్రశోకం తప్పలేదు. తెలియక చేసినదానికి స్మృతులు ప్రాయశ్చిత్తాన్ని తగ్గించాయి గానీ కొట్టేయలేదు. సంకల్పమే కర్మ అన్నాడు బుద్ధుడు. అనకాపల్లి దగ్గరి బౌద్ధక్షేత్రం బొజ్జన్నకొండ ఎక్కినప్పుడల్లా ఆ మాట నాకు ఊరటగా ఉండేది. కానీ ఆయనే చివరి మాటగా శిష్యులకు చెప్పింది ఏమరుపాటు వద్దని. జైనులు ఇంకా గట్టివాళ్ళు. ఏమరుపాటుతో ప్రాణం తీసినా హింసేనన్నారు. నేను వాళ్ళవైపే.

స్టీల్‌ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, నిప్పు గుణం కొంత ఎరుగుదును. సిగరెట్టు కొస వేడి 600 డిగ్రీలు దాటుతుంది. నైలాన్ 220, 260 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. మంట వెంటనే లేవాలనీ లేదు. లోలోపల రాజుకుని, ఒక్కోసారి గంట తర్వాత లేస్తుంది. అప్పటికి విసిరినవాడు నిద్రలో ఉంటాడు. హార్బర్‌లో బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాటిలో డీజిలు, వంటగ్యాసు సిలిండర్లు.

బోట్లు కాల్చాలని ఎవరూ అనుకోలేదు, నిజమే. కానీ వేలితో మీటి విసిరిన ఆ క్షణంలో ఒక సంకల్పం ఉంది. ఇక దీనితో నాకు పనిలేదు, ఎక్కడ పడితే నాకేం అని. అది కర్మ కాదా? బుద్ధుడి లెక్కలోనూ అది తప్పించుకోలేదనే నా నమ్మకం.

మా ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకుంటారు. అంగిలి మాడుతుంది, క్యాన్సర్ వస్తుంది. ఆ అలవాటు పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయినా వాళ్ళను చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. వాళ్ళ నిప్పు వాళ్ళ నోట్లోనే ఉంది, ఇంకొకరి వల మీద పడలేదు.

బోట్ల విలువలో 80 శాతం పరిహారంగా ప్రభుత్వం ఇచ్చింది. జైలూ జరిమానా సంగతి కోర్టు చూసుకుంటుంది. విసిరినవాళ్ళను నేను దుర్మార్గులనను. వాళ్ళు మళ్ళీ హార్బర్‌లో పని అడిగితే ఇవ్వాలనే అంటాను. కాకపోతే ముందు బోటు పోగొట్టుకున్నవాడి పక్కన కూర్చుని, అతని కొత్త వల పూర్తయ్యేదాకా కూలి అడక్కుండా అల్లిపెట్టాలి.