చిన్న పందెములో దోషమేమి?

జూదమనగానే ఆస్తికుల మనస్సులలో కౌరవసభ మెదలును. శకుని పాచికలు, ధర్మరాజు పరాజయము, ద్రౌపదీదేవి ఆక్రందనము కన్నులకు కట్టును. రాజ్యమును, తమ్ములను, ధర్మపత్నిని ఒడ్డిన ఆ మహాద్యూతమునకును, రాత్రి భోజనమైన పిమ్మట సెల్‌ఫోనులో ఒక పౌను పెట్టి ఆడుకొను బింగో ఆటకును సంబంధమేమి యని నేటి గృహస్థుడు ప్రశ్నించును. ప్రశ్న న్యాయమైనదే. దానిని త్రోసిపుచ్చక విచారించుట మేలు.

ఒక ఉదాహరణమును ఊహించుకొనవచ్చును. ఇంగ్లాండులో ఉద్యోగము చేయుచున్న ఒక తెలుగు గృహస్థు. ఇంటిలో శ్రీవారి పటమున్నది, శనివారపు నియమమున్నది, స్వదేశమునకు వచ్చినపుడెల్ల సకుటుంబముగా కొండకు వచ్చి దర్శనము చేసికొనును. మద్యము ముట్టడు, పేకాట ఎరుగడు. తోటి ఉద్యోగి చెప్పగా ఒకనాటి రాత్రి పది పౌన్లు జమచేసి 'స్లింగో' అను ఆన్‌లైన్ ఆటను రుచి చూచెను. ధనవంతుడు కావలెనను ఆశ ఆతనికి లేదు. పోయినను పది పౌన్లే కదా, కాసేపు ప్రొద్దుపోవునని మాత్రమే ఆతని తలంపు. ఇట్టివాని యందు దోషమెట్లు చెప్పవలెను?

ముందుగా ఆ ఆటయొక్క స్వరూపమును తెలిసికొనవలెను. బింగో తెలుగువారికి క్రొత్తది కాదు. మన క్లబ్బులలోను, అపార్ట్‌మెంటు వేడుకలలోను ఆడెడి తంబోలా అదియే. బ్రిటిషు సైనికులు 'హౌసీ' యనియు, నావికులు 'తంబోలా' యనియు పిలుచుకొన్న ఆట ఆ పేరులతోనే మన దేశమున నిలిచినది. చీటీలో మూడు వరుసలు, తొమ్మిది నిలువులు, మొత్తము 27 గళ్లు. వానిలో 15 అంకెలు. 1 మొదలు 90 వరకుగల అంకెలను ఒకరు పిలుచుచుండగా ఆడువారు కొట్టివేయుచుందురు. బ్రిటనులో 1960 నాటి చట్టము అనుమతించిన పిదప, 1961 నుండి ఊరూర బింగో క్లబ్బులు వెలసినవి. మూతపడిన సినిమాహాళ్లు అనేకము బింగోశాలలైనవి. ఒంటరి వృద్ధులకు అచట నలుగురితో కూర్చుండి మాటలాడు అవకాశము దొరకినమాటయు నిజమే. మంచిని మంచియని చెప్పుటలో తప్పులేదు.

స్లింగో అనునది 1994లో అమెరికాలో రూపొందిన ఆట. స్లాట్ యంత్రమును, బింగోను కలిపి దీనిని కల్పించినారు; పేరును ఆ రెండింటి కలయికయే. ఐదేసి గళ్లు గల ఐదు వరుసలు, మొత్తము 25 గళ్లు తెరపై నుండును. వాని క్రింద ఐదు చక్రములు తిరిగి ఐదు గురుతులను చూపును. ఆ అంకెలు పై గళ్లలో నున్నచో అవి కొట్టివేయబడును. అడ్డముగ ఐదు, నిలువుగ ఐదు, ఐమూలగ రెండు - మొత్తము 12 వరుసలు. ఒక్కొక్క వరుస పూర్తియైనకొలది ఆడువాడు బహుమతుల నిచ్చెనపై నొక్కొక్క మెట్టు ఎక్కుచుండును. ఇచట పిలుచువాడు లేడు. ప్రక్కన కూర్చుండువాడు లేడు. 'ఇక చాలు, ఇంటికి పోదము' అనువాడును లేడు.

ఆట కొన్ని త్రిప్పులతో ముగియవలెను. కాని ముగియదు. త్రిప్పులైపోయినంతనే, అదనముగ మరియొక త్రిప్పు కావలెనా యని తెరపై ప్రశ్న వెలయును. దానికి వేరుగ వెల కలదు. వరుస పూర్తియగుటకు ఒక్క అంకె మాత్రమే కొదువయై యున్నపుడు ఆ వెల హెచ్చును. ఒక్కొక్కమారు మొదటి పందెమును మించియు నుండవచ్చును. ఆ క్షణమున ఆడువాని కన్ను పూర్తియైన నాలుగు గళ్లను చూడదు, పోయిన పైకమును చూడదు. మిగిలిన ఆ ఒక్క గడినే చూచును.

ఇచటనే భారతకథ జ్ఞప్తికి రావలెను. ధర్మరాజు జూదమాడినది ఒక్కపరి కాదు. మొదటి ద్యూతమున సర్వమును పోగొట్టుకొన్న తరువాత ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరములొసగి అంతయు తిరిగి యిచ్చివేసెను. పాండవులు ఇంద్రప్రస్థమునకు బయలుదేరిరి కూడ. మరల పిలుపు వచ్చెను. ధర్మరాజు మరల వచ్చి కూర్చుండెను. అరణ్యవాసమును తెచ్చినది ఆ రెండవ ద్యూతము. మొదటి ఆటలో ఆచారమున్నది, పెద్దలమాట యున్నది, తెలియనితనము నున్నదని సమర్థింపవచ్చును. ఫలితమును కన్నులార చూచిన పిదప గూడ 'మరియొక్కటి' యనిపించినదే, అదియే జూదముయొక్క నిజస్వరూపము. ధర్మమూర్తిని సైతము వెనుకకు త్రిప్పిన ఆ పిలుపు నేడు తెరపై అదనపు త్రిప్పుగా వెలయుచున్నది.

'సినిమాకు పోయిన పది పౌన్లగును. అదియు తిరిగి రాదు. దానికి లేని దోషము దీనికేల?' అని గృహస్థుడనవచ్చును. ఈ వాదమునకు సమాధానము చెప్పవలెను. సినిమాటిక్కెట్టు వెల ముందే తెలిసియుండును, మూడుగంటలకు తెరపడును, చూచినవాడు మరియొకని సొమ్మును ఆశించి కూర్చుండడు. పందెపు ఆటలో ఈ మూడును లేవు. వెల తుదివరకు తెలియదు. తెర పడదు. గెలిచినవానికి వచ్చు ధనము ఆకాశమునుండి రాలినది కాదు. ఎవరో తెలియని వేరొక యింటివారు ఓడిన ధనము. కష్టపడక, ఎవరికిని ఏమియు నొసగక, పరుని నష్టమువలన లాభమును కోరుట - పందెము చిన్నదైనను ఆ కోరిక చిన్నది కాదు. జూదమును వినోదార్థమైనను సేవింపరాదని మనుధర్మశాస్త్రము విధించుటలోని భావమిదియే కావచ్చును.

నలచరిత్రలో మరియొక సూక్ష్మమున్నది. కలి ఆవేశించుటచే పుష్కరునితో జూదమాడి నలుడు రాజ్యభ్రష్టుడయ్యెను. ఆ కలి ఆతనిని విడిచినదెప్పుడు? ఋతుపర్ణమహారాజు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుమాత్రమున లెక్కించి చూపి, అక్షహృదయమను విద్యను ఉపదేశించినపుడు. లెక్క తెలిసినంతనే కలి విడిచిపోయెను! నేటి ఆటలకును అట్టి లెక్క కలదు. ఒడ్డిన పైకములో నూటికెంత తిరిగి వచ్చునో ఆట వివరములలో చూపుదురు. అది నూటికి 95 అనుకొందురు గాక. చూచుటకు ఉదారముగనే యున్నది. కాని గెలిచిన కాసులను మరల మరల ఒడ్డుచు, పౌను చొప్పున 200 పర్యాయములు ఆడినచో, ఒక్కొక్క పౌనుకు ఐదు పెన్నీల వంతున సగటు నష్టము పది పౌన్లు. జమచేసినదంతయు నంతే. ఒకనాడు ఒకడు గెలువవచ్చును. అనేకదినములలో అనేకులు కలిసి తప్పక ఓడుదురు. ఈ లెక్కను పలకపై వ్రాసికొనిన గృహస్థునకు అదృష్టదేవతపై భ్రమ సగము తీరును.

మిగిలిన సగము లెక్కకు లొంగదు. ఎప్పుడు వచ్చునో తెలియని బహుమానము మనస్సును మిక్కిలిగ కట్టివేయునని అమెరికా మనస్తత్త్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురములపై చేసిన ప్రయోగముల ద్వారా చూపెను. అంతకు వేల యేండ్లకు పూర్వమే ఋగ్వేదములోని అక్షసూక్తము, ఇక ఆడనని నిశ్చయించుకొనియు పాచికల సవ్వడి వినినంతనే పరుగిడు జూదరి దుఃఖమును చెప్పి, వ్యవసాయము చేసికొనుమని హితవు పలికినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022 నుండి అమలులోనికి వచ్చిన తన వ్యాధుల పట్టికలో జూదవ్యసనమును చేర్చియున్నది. బ్రిటనులోని జూదనియంత్రణ కమిషను 2021లో ఆన్‌లైన్ స్లాట్ ఆటలపై విధించిన నిబంధనలలో ఒకటి మిక్కిలి విచారింపదగినది: ఒడ్డినదానికంటె తక్కువ తిరిగి వచ్చినపుడు గెలుపు సంగీతమును, వెలుగులను చూపరాదట! అనగా అంతకు పూర్వము ఓటమికే మంగళవాద్యములు మ్రోగుచుండెనన్నమాట. 2025లో అచట ఆ ఆటలకు ఒక్కొక్క త్రిప్పునకు పెద్దలకు ఐదు పౌన్లు, 25 ఏండ్లలోపువారికి రెండు పౌన్లు మించరాదని పరిమితి విధించినారు. మన దేశమున తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ చట్టములను సవరించి ఆన్‌లైన్ జూదమును నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టమును ఆమోదించెను.

అయినను చట్టము అనుమతించినదంతయు ధర్మము కాదు. ఇంగ్లాండులోని ఆ గృహస్థు చట్టమును ఉల్లంఘింపలేదు. పది పౌన్ల నష్టముతో ఆతని సంసారము చెడదు. మరి చెడినదేమి? ఆ రాత్రి ఆతని భార్య ప్రక్కగదినుండి వచ్చి, 'ఇంకను నిద్రపోలేదేమి? ఏమి చూచుచున్నారు?' అని అడిగినదనుకొందము. ఆతడు చప్పున తెరనార్పి 'ఏమియు లేదు, ఆఫీసుపని' అనెను. పోయినది పది పౌన్లు కాదు, ఆ మాట.

శ్రీమద్భాగవతము ప్రథమస్కంధమున పరీక్షిన్మహారాజు కలిని నిగ్రహించి, ఆతడు వేడుకొనగా నివాసస్థానములను నిర్దేశించిన కథ కలదు. జూదము, మద్యపానము, వ్యభిచారము, ప్రాణివధ - ఈ నాలుగు చోట్లు మొదట నిచ్చెను. కలి మరల యాచింపగా బంగారమును ఒసగెను. దానితోబాటు కలికి ఐదు లభించినవి: అసత్యము, మదము, కామము, రజస్సు, వైరము. ఆ వరుసలో మొట్టమొదటిది అసత్యమగుటను గమనింపవలెను. ధనమును ఒడ్డు ఆటలో జూదమును, బంగారమును రెండును కలిసియున్నవి. అందుచే కలి ఆ యింట అడుగిడుటకు లక్షలు పోవలసిన పనిలేదు. భార్యతో చెప్పలేని ఒక్క పౌను చాలును.

ఇంకొక చిక్కు భక్తులకే ప్రత్యేకమైనది. ఒక్క గడి కొదువయైనపుడు ఆ గృహస్థు పెదవులు కదలును: 'స్వామీ, ఇది తగిలినచో సగము హుండీలో వేసెదను.' ఆతడు కపటి కాడు. ఆ క్షణమున ఆ మ్రొక్కు నిజమైనదే. కాని ఆ మ్రొక్కు అర్థమేమి? వేరొకరి నష్టములో భాగస్వామివి కమ్మని పరమాత్ముని పిలుచుట. ఆపదలో 'కాపాడుము' అని మ్రొక్కుట శరణాగతి. పందెములో 'గెలిపింపుము' అని మ్రొక్కుట బేరము. సంపదయంతయు శ్రియఃపతిది, తాను ధర్మకర్త మాత్రమేనని నమ్మిన వైష్ణవునకు ఒడ్డుటకు సొంతసొమ్ము ఎక్కడిది? స్వామి యొసగిన జీతమును పందెమున పెట్టి, గెలిచిన స్వామికే పంచెదననుట విచారించిన నవ్వు పుట్టించును. ఇంకను విచారించిన కంట నీరు తెప్పించును.

'అట్లయిన శ్రీనివాసుడే హాథీరాం బావాజీతో పాచికలాడినాడు గదా?' అని కొందరడుగవచ్చును. తిరుమలకు వచ్చు యాత్రికులందరు ఎరిగిన కథయే యిది. స్వామి రాత్రులందు బావాజీ యింటికి వచ్చి ఆడుచుండెననియు, ఒకనాడు తన హారమును అచట విడిచి వెళ్లెననియు, బావాజీపై దొంగతనము మోపబడగా, గదినిండ పెట్టిన చెరకుగడలను తెల్లవారులోపల తినివేయవలెనను పరీక్షలో స్వామియే ఏనుగు రూపమున వచ్చి రక్షించెననియు చెప్పుదురు. ఆ ఆటలో బావాజీ హారమును ఆశింపలేదు. మరియొక త్రిప్పు కోరలేదు. ఆతడు కోరినది ఎదుట కూర్చుండిన స్వామినే. పాచికలు దోషము కావు. అదృష్టమును పరీక్షించుటయు దోషము కాదు. పాచికల వెనుక దాగిన ఆశయే దోషము.

మన పెద్దలు ఈ భేదమును చక్కగ ఎరుగుదురు. ముక్కోటి ఏకాదశినాటి జాగరణలో వైష్ణవగృహములలో వైకుంఠపాళి పరచుట ఆచారము. అందును గవ్వల విసురు అదృష్టమే. అందును నిచ్చెనలున్నవి, పాములున్నవి. పరమపదము అంగుళదూరమున నుండగా పెద్దపాము నోటబడి క్రిందికి జారిన బాలుడు ఏడ్చును. అవ్వ నవ్వి మరల గవ్వలు చేతికిచ్చును. ఎవరి సొమ్మును పోదు. అందరును ఒక్క దీపపు వెలుగున కూర్చుండియుందురు. తెల్లవారగనే పటము చుట్టి స్వామి దర్శనమునకు పోవుదురు. ఆట ముగిసినది.

కావున చిన్న పందెమును తూచుటకు గృహస్థునకు మూడు తూనికరాళ్లు చాలును. ఈ ఆట తనంతట ముగియునా? దీనిని ఇంటివారి ముందర ఆడగలనా? దీనివలన వచ్చినదానిని నిర్మలమైన మనస్సుతో స్వామి పాదములచెంత ఉంచగలనా? బంధుమిత్రులు పది రూపాయల చీటీలతో, స్టీలుగిన్నె బహుమతిగా ఆడు తంబోలా ఈ పరీక్షకు కొంతవరకు నిలువవచ్చును. అర్ధరాత్రి ఒంటరిగ తెరముందు ఆడునది మూడింటికిని నిలువదు.

నిలువదని తెలిసిన పిదప చేయవలసినది ఏమి? బ్రిటనులో 'గామ్‌స్టాప్' అను ఏర్పాటు కలదు. అందు తన పేరును తానే నమోదు చేసికొన్నచో అచటి అనుమతి పొందిన ఆన్‌లైన్ జూదసంస్థలన్నియు ఆతనికి తలుపులు మూయవలెను. ఆరు నెలలకో, ఏడాదికో, ఐదేండ్లకో నియమము పట్టవచ్చును. ఏకాదశీవ్రతమెరిగిన వైష్ణవునకు నియమము క్రొత్త కాదు. అయినను అంతకంటె ముందు చేయవలసినది మరియొకటి కలదు: ప్రక్కగదిలోనికి పోయి, 'ఆనాడు ఆఫీసుపని కాదు' అని చెప్పుట. కలి ప్రవేశించిన ద్వారము అసత్యము. ఆతనిని సాగనంపవలసినదియు ఆ ద్వారముననే. ఆ ఒక్క మాట పలుకు ధైర్యమును ఆపద్బాంధవుడగు శ్రీనివాసుడు ప్రతి గృహస్థునకును అనుగ్రహించుగాక!