రంగు ఊడదీసే ముందు ఓ మాట, అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ, పెట్టెల ఫొటోలు అందాయి. మోడల్ రైళ్ళు చేసే అథెర్న్ కంపెనీ వాళ్ళ పాత 72 అడుగుల కోచ్‌లు సెకండ్ హ్యాండ్‌లో పట్టావంటే నీ చూపు గట్టిదే. మన రైళ్ళ ఐసీఎఫ్ పెట్టె అసలు పొడవు 21.3 మీటర్లు. హెచ్‌ఓ స్కేలు కాబట్టి 87తో భాగిస్తే ఇరవైనాలుగున్నర సెంటీమీటర్లు వస్తుంది. నీ దగ్గరున్నది పాతికకి కాస్త పైన. అదే 85 అడుగుల అమెరికా కోచ్‌కి మన రైలు నీలం వేసుంటే అయిదు సెంటీమీటర్లు ఎక్కువై తోకలా కనపడేది. పక్కల మీద ఆ గాడులు ఐసీఎఫ్‌కి ఎక్కడివని ఎవరైనా వంక పెడితే పెట్టనీ. బండి నీది, రంగు నీది.

కానీ "హార్డ్‌వేర్ షాపులో థిన్నర్ తెచ్చి అన్నీ ఒకేసారి ముంచేస్తా మామయ్యా" అన్నావు చూడు, ఆ మాటకే ఇంత రాయాల్సి వస్తోంది. ఆ పెట్టె ఒళ్ళు పాలీస్టైరిన్ ప్లాస్టిక్. థిన్నర్, ఎసిటోన్, గోళ్ళ రంగు తీసే మందు, ఇవన్నీ రంగుతోపాటు దాన్నీ కరిగిస్తాయి. ముంచిన కాసేపటికే కిటికీ అంచులు మెత్తబడి, రివెట్లు సాపైపోయి, ఒళ్ళంతా జిగురుజిగురవుతుంది. తర్వాత ఎవరూ బాగుచేయలేరు. ఇత్తడి ఇంజన్లకి రంగు తీయడానికి థిన్నర్ వాడతారు, నిజమే. ఎక్కడో చదివింది ఆ సంగతే అయ్యుంటుంది. లోహానికి చెల్లిన మందు ప్లాస్టిక్‌కి చెల్లదు.

అసలు అన్నింటికీ ఊడదీయాలా అన్నది ముందు చూసుకో. పెట్టెని కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పట్టుకుని చూడు. ఫ్యాక్టరీ పూత పల్చగా, సమానంగా ఉండి, రివెట్లు గాడులు స్పష్టంగా కనపడుతుంటే దాని జోలికి పోకు. అక్షరాలొక్కటి తీసేసి, అంచు నునుపు చేసి, పైన రంగు వేసుకోవచ్చు. నీ ఫొటోల్లో ఆ డైనింగ్ కారుంది చూశావా, దాని సంగతి వేరు. ఎవరో పుణ్యాత్ముడు కుంచెతో ఎర్రరంగు పులిమాడు. కిటికీ కింది మూలల్లో చుక్కలు కారి గట్టిపడ్డాయి, గాడులు సగం పూడిపోయాయి. దానికి మాత్రం ఊడదీయక తప్పదు.

నేనైతే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో మొదలుపెడతాను. ఇక్కడ అమెరికాలో మందుల షాపులో 91 శాతంది దొరుకుతుంది. మీ దగ్గర సెల్‌ఫోన్ రిపేరు వాళ్ళు బోర్డులు తుడవడానికి ఐపీఏ అని వాడతారే, అదే. 70 శాతంది తెచ్చుకుని పని చేయట్లేదని నన్ను తిట్టకు, దాన్లో నీళ్ళెక్కువ. ముందు పెట్టె లోపలి వైపు, ఎవరికీ కనపడని చోట, దూదితో అద్ది కాసేపాగు. ప్లాస్టిక్ మెరుపు తగ్గలేదు, వేలికి అంటుకోలేదు అంటే సరే.

ముంచే ముందు అంతా విప్పెయ్. బోగీలు, కప్లర్లు, అడుగున బరువు కోసం పెట్టిన ఇనప రేకు, అన్నీ బయటికి రావాలి. కిటికీ అద్దాలు మరీ ముఖ్యం. ఆ పారదర్శక ప్లాస్టిక్ మీద ఆల్కహాలు పడితే సాలెగూడులా సన్నని పగుళ్ళు రావచ్చు. స్క్రూలు పాత ఇంగువ డబ్బాలో వేసి మూత పెట్టు. కిందపడితే వెతకడం నీవల్ల కాదు, మీ అమ్మ చీపురుకి దొరుకుతాయి.

మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో మునిగేలా పోసి, పావుగంటకోసారి చూడు. రంగు ముడతలు పడి పైకి లేస్తే మెత్తటి పాత టూత్ బ్రష్‌తో గాడుల వెంటే రుద్దు, అడ్డంగా కాదు. గాడి లోపల మిగిలినదానికి టూత్‌పిక్ చాలు. పిన్నీసు, బ్లేడు ముట్టుకోవద్దు. కొంత రంగు మరకలా ప్లాస్టిక్‌లోకి ఇంకి ఉంటుంది. వేలికి తగలని మరకతో నీకు గొడవ లేదు, ప్రైమర్ కప్పేస్తుంది. తగిలే అంచు మాత్రం వదలకు.

మొండి రంగయితే డెటాల్. నవ్వకు, బ్రిటన్‌లో బొమ్మలకి రంగులేసే వాళ్ళకి ఇది పాత చిట్కా. నీళ్ళు కలపకుండా చిక్కగా పోసి నానబెట్టాలి. ఒక్క జాగ్రత్త: తీయగానే కుళాయి కింద పెట్టావో, ఊడిన రంగంతా జిడ్డు ముద్దలా మారి మళ్ళీ పెట్టెకే అతుక్కుంటుంది. ఇంకొంచెం డెటాల్‌తోనే కడిగి, తుడిచి, ఆ తర్వాతే సబ్బునీళ్ళు. ఇక్కడి పాతకాపులు కొందరు బ్రేక్ ఆయిల్ వాడతారు. పని చేస్తుంది గానీ చర్మానికి మంచిది కాదు, పొరపాటున ఒలికితే నీ స్కూటర్ రంగు కూడా లేచిపోతుంది. నాకిష్టం లేదు, నీకూ వద్దు.

ఇక కోప్పడైనా చెప్పాల్సిన మాట. ఆ ఆల్కహాలు ఆవిరి సుమారు 12 డిగ్రీల వేడికే నిప్పందుకోగలదు. సికింద్రాబాద్‌లో అంత చల్లటి మధ్యాహ్నం ఎప్పుడుంటుంది? పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంట పాకుతుంది. వంటగదిలో చేయకు. దేవుడి దీపం, అగరుబత్తి ఉన్న గదిలో అసలే వద్దు. బాల్కనీలో, నైట్రైల్ గ్లవుజులు తొడుక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్. వాడిన మందు సింకులో పారబోయకు. మడ్డి అడుక్కి దిగాక పైతేట వడకట్టి మళ్ళీ వాడుకోవచ్చు. సీసా మీద పేరు రాసి పిల్లలకి అందని చోట పెట్టు. నీళ్ళ సీసాలో మాత్రం పోయొద్దు, మీ నాన్న సంగతి తెలుసుగా, చేతికందింది ఎత్తి గటగటా తాగేస్తాడు.

చివరగా గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడుగు. మరీ వేడి నీళ్ళయితే ఒళ్ళు వంకరపోతుంది. తర్వాత ఉత్త చేత్తో పట్టుకోకు, వేలి జిడ్డున్న చోట రంగు నిలవదు. గాడుల్లో తడి పోయేదాకా రాత్రంతా ఆరనివ్వు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. ముసురు పట్టిన రోజున స్ప్రే కూడా వద్దు. గాలిలో తేమకి పూత మీద తెల్లటి పొగలాంటి మచ్చ లేస్తుంది.

ముందు ఆ డైనింగ్ కారొక్కటే చెయ్, మిగతావి డబ్బాల్లోనే ఉండనీ. స్ప్రే డబ్బాలు ఈపాటికే కొనేసుంటే వాటి మీదున్న పేర్లు ఫొటో తీసి పంపు, ప్రైమర్ ఏది వేయాలో చూసి చెప్తాను.